వంకాయ మీద వెలుగు

ఒక కోడిగుడ్డు, నున్నగా నిగనిగలాడే నల్ల వంకాయ ఒకటి, టేబుల్ ల్యాంపు, తెల్ల చార్టు, నల్లగుడ్డ ముక్క. స్టూడియో లైటింగ్ నేర్చుకుంటామని వచ్చినవాళ్లను నేను ముందుగా తెచ్చుకోమనేవి ఇవే. కెమెరా రెండోవారం దాకా సంచిలోనే ఉంటుంది.

గుడ్డును బల్ల మీద పెట్టి, గది చీకటి చేసి, దీపాన్ని ఒక పక్కగా వెలిగించండి. ఒక చెంప వెలుగుతుంది, రెండోది నీడలో మునుగుతుంది. రెంటికీ నడుమ వెలుగు నీడలోకి జారే పట్టీ ఒకటుంటుంది. గుడ్డు గుండ్రంగా ఉందని కంటికి చెప్పేది ఆ పట్టీయే. దీపాన్ని తిన్నగా ముందుకు తెచ్చారా, పట్టీ మాయమై గుడ్డు తెల్ల బిళ్ల అయిపోతుంది. నీడ పక్కన తెల్ల చార్టు నిలబెడితే నీడ పలచబడుతుంది, అది ఫిల్. చార్టు తీసి నల్లగుడ్డ పెడితే ఇంకా చిక్కబడుతుంది. ఈ దీపమే కీ లైట్. వెనక నుంచి ఇంకొకటి వెలిగించి అంచు మెరిపిస్తే రిమ్. పుస్తకాల్లో పది బొమ్మలు వేసి చెప్పేదంతా ఈ గుడ్డు చుట్టూ తిరిగేదే. గుడ్డుకు బదులు మనిషిని కూర్చోబెట్టి, రెండో చెంప మీద కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగిలేలా దీపం పెడితే దానికి డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు పెట్టారు. ఆయన బొమ్మల్లో ముఖాలు అలా వెలుగుతాయి కాబట్టి.

దూరం సంగతి మాత్రం నిదానంగా నేర్చుకోవాలి. దీపం ఒక మీటరు దూరంలో ఇచ్చే వెలుగు, రెండు మీటర్లలో సగం కాదు, నాలుగో వంతు. మూడు మీటర్లలో తొమ్మిదో వంతు. మనిషి ఒక మీటరులో, వెనక గోడ మూడు మీటర్లలో ఉంటే గోడ దానంతటదే చీకటవుతుంది. దీపాన్నీ మనిషినీ ఒకచోటే ఉంచి గోడ దగ్గరకు జరిపితే అదే గోడ తెల్లబడుతుంది. కొత్త లైటు కొనకుండానే ఒక గదిని నాలుగు గదులుగా చూపించవచ్చు. చిన్న ఊళ్ల స్టూడియోలు పది అడుగుల గదిలో నెట్టుకొచ్చాయంటే, ఈ లెక్క చేతికి తెలిసిన మనుషులు అక్కడ ఉండబట్టే.

ఇక వంకాయ. గుడ్డు నేర్పిన పాఠం ఇక్కడ పనిచేయదు. దీపం ఎంత పెంచినా వంకాయ నల్లగానే ఉంటుంది. దాని మీద ఒక చిన్న తెల్లచుక్క మాత్రం కాలినట్టు మెరుస్తుంది. ఆ చుక్క దీపం బింబమే. ఇప్పుడు దీపాన్ని తెల్ల చార్టు మీదికి తిప్పి, వెలుగంతా చార్టు నుంచి వచ్చేలా చేయండి. చుక్క పోయి, వంకాయ ఒళ్లంతా పొడుగునా మెత్తటి వెలుగు గీత పాకుతుంది. వంపు, నునుపు, తొడిమ దగ్గరి ఊదా రంగు, అన్నీ ఒక్కసారిగా కనబడతాయి. వంకాయ తెల్లబడలేదు. దాని నలుపు ఏ ఆకారంలో ఉందో మనకు తెలిసింది. తెల్లటి వస్తువును నీడతో చెక్కాలి, నల్లటి వస్తువును మెరుపుతో చెక్కాలి.

ఈ పాఠం మీద నాకింత పట్టుదల ఎందుకంటే, మా అక్క పెళ్లిచూపులకు తీయించిన ఫొటో వల్ల. అక్కది చామనఛాయ కంటే ఒక పాలు ఎక్కువ. ముఖం నిండా కళ. కవరు తెరిచి చూస్తే పిండిబొమ్మలాంటి ముఖం ఒకటి మమ్మల్ని చూస్తోంది. దవడ గీత లేదు, ముక్కు పక్కన నీడ లేదు. "కొంచెం తెల్లగా చేసిస్తినమ్మా, చాలు గదా?" అన్నాడు తీసినాయన, మంచి చేశాననే అనుకుని. అక్క ఏమీ అనలేదు. కవరు మూసి అమ్మ చేతికిచ్చింది. ఆమె అలా మూయడం నేను మరచిపోలేదు.

ఇందులో తప్పంతా ఆయనది కాదు. ఈ విద్యకు పుట్టుకతోనే గోధుమరంగు ముఖం సరిగా కనబడలేదు. 19వ శతాబ్దపు తడి గాజుపలకలకు నీలం వెలుగే కనబడేది. ఆ తరవాతి ఆర్థోక్రొమాటిక్ పలకలకు ఆకుపచ్చ తెలిసింది గానీ ఎరుపు తెలియలేదు. మన చర్మం ఎక్కువగా వెనక్కి పంపేది ఆ ఎరుపునే. అందువల్ల మనిషి ఉన్నదానికంటే నల్లగా పడేవాడు. దానికి విరుగుడుగా పౌడరు, నెగటివ్ మీద పెన్సిల్ రీటచింగు అలవాటయ్యాయి. 1920ల చివరికల్లా అన్ని రంగులూ చూడగల పాంక్రొమాటిక్ ఫిల్ము వాడుకలో కుదురుకుంది. రోగం పోయినా మందు మాత్రం మానలేదు. ఇప్పుడా మందు ఫోన్లలోనే ఉంది, అడగకపోయినా ముఖాన్ని పాలిపోయేలా చేస్తుంది.

హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలం నుంచీ స్టూడియో అంటే మనకు గౌరవప్రదమైన చోటు. ఘోషా స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాదులోనే జనానా స్టూడియో తెరిచారు, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. బయట ముఖం చూపని మనిషి లోపలికి వచ్చి, తన ముఖాన్ని నమ్మి అప్పగించిన చోటు అది. నమ్మి అప్పగించిన ముఖాన్ని మార్చి ఇచ్చే హక్కు ఎవరికుంది?

మాది నాట్రంపల్లి వైపు. చెన్నై–బెంగళూరు దారిలో వాణియంబాడి దాటాక వస్తుంది. నిన్నమొన్నటిదాకా వేలూరు జిల్లా, 2019 నుంచి తిరుపత్తూరు జిల్లా. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం. ఈ ఊరి వెలుగుకు ఒక వాటం ఉంది. తూర్పున ఏలగిరి కొండ అడ్డం. తెల్లవారి ఆకాశమంతా వెలిగిపోయినా, సూర్యుడు కొండ నెత్తినెక్కేదాకా నేరుగా కిరణం పడదు. ఆ కొన్ని నిమిషాలు ఊరంతా ఒక పెద్ద సాఫ్ట్‌బాక్సు కిందున్నట్టుంటుంది. వెలుగు మెత్తబడేది దీపం బలం తగ్గినందుకు కాదు, మనిషి దగ్గర నుంచి చూస్తే దీపం ఎంత పెద్దగా కనబడుతుందన్న దాన్ని బట్టి. సూర్యుడు ఎంతటివాడైనా మనకు అర డిగ్రీ బిళ్లే, అందుకే ఆయన నీడలు కత్తితో కోసినట్టుంటాయి. కొండ వెనక ఆయన దాగినప్పుడు మనకు దీపం ఆకాశం మొత్తం. వంకాయ ముందు చార్టు చేసిన పనే ఊరి మీద ఆకాశం చేస్తుంది.

పరాయి దేశపు పుస్తకాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే చిక్కు. ఉత్తరపు కిటికీ వెలుగు రోజంతా మారదు, నేరుగా ఎండ రాదు అని రాసి ఉంటుంది. లండనుకు అది చాలావరకు నిజం. నాట్రంపల్లి పన్నెండున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ నాలుగో వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ రెంటి మధ్య నాలుగు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. కిటికీకి చూరుంటే గండం గడుస్తుంది. ఉత్తరానికి వాలిన గాజుకప్పు పెట్టుకుంటే మాత్రం తెల్ల మల్లు గుడ్డ కట్టక తప్పదు.

గుడియాత్తంలో గంగమ్మ సిరసు ఊరేగింపు మే నెల నడిమధ్యన వస్తుంది. అమ్మవారి సిరసు వీధుల్లో తరలుతుంటే జనం మేడల మీద నుంచి పూలు చల్లుతారు. అక్కడ దీపాల స్టాండు పెట్టే చోటుండదు, పెట్టకూడదు కూడా. ఎండ నెత్తికెక్కాక కనుగుంటల్లో, ముక్కు కింద నల్లనీడలు దిగుతాయి. అప్పుడు నేల వైపు చూడండి. సిమెంటు రోడ్డు, తెల్ల పంచెలు, సున్నం కొట్టిన అరుగులు, అన్నీ కింది నుంచి వెలుగు విసురుతుంటాయి. అలాంటి అరుగుకు ఎదురుగా ఎవరి ముఖముందో వెతుక్కోవడమే లొకేషన్ విద్య. సిరసు దగ్గరపడగానే అందరూ ముఖాలు పైకెత్తుతారు, కళ్లలోకి వెలుగు దిగుతుంది. ఆ క్షణానికి అరగంట ముందే చోటు చూసుకుని నిలబడినవాడికే బొమ్మ దక్కుతుంది.

రాయవేలూరు కోటలోని జలకంఠేశ్వరుడి కల్యాణమండపం చూసినప్పుడల్లా, శిల్పులు మనకంటే ముందే ఈ విద్య చదివారనిపిస్తుంది. మండపం అంచు స్తంభాల మీద గుర్రాలు, యాళులు పక్క వెలుగు తగలగానే రాయిలోంచి లేస్తాయి. మిట్టమధ్యాహ్నం అవే చప్పబడతాయి. అంచు నుంచి రెండు స్తంభాలు లోపలికి మనిషిని నిలబెడితే వెలుగు ఒక పక్క నుంచి మెత్తగా వచ్చి రెండో చెంప దగ్గర ఆగిపోతుంది. గుడ్డు పాఠమే, దీపం ఖర్చు లేకుండా. కట్టడం పురావస్తు శాఖ రక్షణలోనిది, స్టాండ్లు తెచ్చేవాళ్లు ముందు అనుమతి అడగాలి.

వెలుగును తిప్పి పంపడం మన దేశంలో సినిమావాళ్ల చేతిలో పదునెక్కింది. 'అపరాజితో' (1956) కోసం బెనారస్ ఇంటి ముంగిలిని స్టూడియోలో కట్టినప్పుడు, పైనుంచి ఆకాశపు వెలుగు దిగినట్టుండాలని సుబ్రత మిత్రా దీపాలను తెల్లగుడ్డ మీదికి తిప్పారు. మరుసటేడు 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లీ పడవ మీద కాయించిన వెన్నెలను మనం ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. నలుపు తెలుపుల్లో వెన్నెల పుట్టించాలంటే మెరుపు వెనక నుంచి నీటి మీద పడాలి, నీడలు నిండుగా ఉండాలి. చీకటిని చీకటిగా ఉండనిచ్చే ధైర్యం కావాలి. మిత్రా తెల్లగుడ్డకు వారసురాలే నేటి షూటింగుల్లోని తెల్ల థర్మకోల్ షీటు. కొద్ది రూపాయల్లో దొరుకుతుంది, ఏ రిఫ్లెక్టరుకూ తీసిపోదు.

పెళ్లి మండపంలో ఇవన్నీ ఒకేసారి పరీక్షకొస్తాయి. అటు జరీ, తెల్ల పంచె, ఇటు పెళ్లికూతురి ముఖం. కెమెరా మీటరు తెలుపు చూసి భయపడి ముఖాన్ని చీకట్లోకి నెడుతుంది. స్పాట్ మీటరుతో చెంపనే కొలవాలి. మీటరు ప్రతిదాన్నీ 18 శాతం బూడిదరంగుగా ఊహించుకుంటుంది. మనలో చాలామంది ముఖాలు దానికి దగ్గరివే. ఇంకా నల్లని ముఖమైతే ఒక స్టాప్ తగ్గించి, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుగును సగం చేసి, మెరుపు కోసం పెద్ద వెలుగును పక్కకు తేవాలి. ఫ్లాషును నేరుగా కొట్టక కప్పుకు కొట్టండి, కానీ ముందు కప్పు రంగు చూడండి. ఆకుపచ్చ షామియానా కింద బౌన్స్ చేస్తే పసుపు పూసిన ముఖం కూడా పాచి పట్టినట్టవుతుంది. తాళి కట్టే నిమిషానికి గులాబీ, ఊదా ఎల్ఈడీలు ఆపమని డెకరేషన్ వాళ్లను ముందురోజే బతిమాలుకోవాలి. హోమం దగ్గర ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేయాలి, లేకపోతే అది నిప్పు వెచ్చదనాన్ని తప్పనుకుని కడిగేస్తుంది.

పోయిన సంక్రాంతికి అక్క ఊరికొచ్చింది. తెల్లవారి, కొండ మీదికి సూర్యుడు రాకముందు, వాకిట్లో ముగ్గు పెట్టి లేచిన మనిషిని అరుగు మీద కూర్చోమన్నాను. ముఖం తుడుచుకోబోతే వద్దన్నాను, ఆ చిరుచెమటే నాకు కావాలి. ఎడమ పక్కన తెరిచిన ఆకాశం. కుడి పక్కన మా అబ్బాయి నల్ల దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. చెంప కొలిచి, ఒక స్టాప్ తగ్గించి తీశాను. చెంప ఎముక మీదుగా, ముక్కు వంపు మీదుగా, ముంగురుల దాకా ఆ పొడుగాటి మెత్తటి గీత పాకింది. కెమెరా వెనక తెరలో చూపిస్తే అక్క చాలాసేపు పట్టుకుని చూసింది. "అమ్మ మాదిరే ఉండాను గదరా" అంది.