'దూత' రూపకం – లిపిడ్ కైనేజ్‌లు: శాస్త్ర పరిభాషపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం:
శాస్త్ర పరిభాషలో రూపకాలు అనేకం. ఉపమేయ, ఉపమానాలకు అభేదాన్ని ఆరోపించడం రూపక లక్షణం. కావ్యంలో ఆ అభేదం ఆరోపితమని పాఠకునికి తెలుసు; పాఠ్యపుస్తకంలో దానినే వాస్తవంగా స్వీకరిస్తాడు. 'సెకండ్ మెసెంజర్' అనే మాటను 'ద్వితీయ దూత'గా తెలుగు చేసినప్పుడు ఏర్పడే అర్థాన్ని లిపిడ్ కైనేజ్‌ల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1. రూపకం – ఔచిత్యం:
హార్మోన్ల చర్యా విధానంపై పరిశోధనకు ఎర్ల్ సదర్లాండ్ 1971లో నోబెల్ బహుమతి పొందాడు. హార్మోన్ మొదటి దూత. దాని రాకను కణం లోపల తెలిపే సైక్లిక్ ఏఎంపీ రెండవ దూత. అది కణద్రవంలో సంచరిస్తుంది. పొర నుండి విడివడి, కణాంతర నిల్వల నుండి కాల్షియాన్ని విడుదల చేయించే ఐపీ3 కూడా అటువంటిదే. వార్తను మోసుకుపోవడం దూత ధర్మం కనుక ఈ రెండింటికీ ఆ పేరు తగినదే.

2. లిపిడ్ కైనేజ్‌ల పని:
లిపిడ్ కైనేజ్‌లు ఏటీపీ నుండి ఫాస్ఫేట్‌ను గ్రహించి లిపిడ్ అణువుకు చేరుస్తాయి. వీటిలో పీఐ3-కైనేజ్, ఇనోసిటాల్ వలయంలోని మూడవ స్థానంలో ఫాస్ఫేట్‌ను చేరుస్తుందని లూయిస్ కాంట్లీ బృందం 1988లో నిరూపించింది. ఈ చర్య వల్ల కణత్వచంలోని పిప్2, పిప్3గా మారుతుంది. పిప్3 పొరను విడిచి కణద్రవంలోకి రాదు. ఏకేటీ, పీడీకే1 అనే ప్రోటీన్లే దానిని గుర్తించి అక్కడికి చేరుతాయి. అక్కడ పీడీకే1 చర్యతో ఏకేటీ క్రియాశీలమవుతుంది. పీటెన్ అనే ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను తొలగించి పిప్3ను తిరిగి పిప్2గా మారుస్తుంది.

3. రూపకం మరుగుపరిచేది:
పిప్3ను దూత అన్నప్పుడు కదిలేదెవరో, నిలిచేదెవరో తారుమారవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, చెరపడమనే క్రియకు ఆ రూపకంలో చోటు లేదు. పీటెన్ లోపించినా పిప్3 పేరుకొని క్యాన్సర్‌కు దోహదం చేస్తుంది. అక్కడ వార్త తప్పు కాదు. చెరిగిపోవలసిన గుర్తు చెరగకపోవడమే దోషం. పీఐ3-కైనేజ్‌ను నిరోధించే ఆల్పెలిసిబ్‌కు 2019లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ చికిత్సకు అనుమతి లభించింది. రక్తంలో చక్కెర పెరగడం దాని ప్రధాన దుష్ప్రభావాలలో ఒకటి. ఇన్సులిన్ కూడా ఈ పిప్3 మార్గం మీదనే ఆధారపడటం దానికి కారణం. ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క దూత ఉంటాడని ఊహించుకున్న విద్యార్థికి ఈ సంబంధం అంతుపట్టదు.

ముగింపు:
ఐపీ3కి 'దూత' అనే పేరును నిలిపి, పిప్3ను 'ఆనవాలు' అనడం సముచితం. ఆనవాలు ఉన్నచోటనే ఉంటుంది. చూసినవారు దాని వద్దకు వస్తారు. దానిని పెట్టేవారూ, చెరిపేవారూ వేరువేరుగా ఉంటారు. ఈ పదం కూడా రూపకమే కనుక దీనికీ పరిమితులుంటాయి. అయితే పరిభాషా నిర్మాణంలో మూలపదానికి సమానార్థకాన్ని వెదకడంతో అనువాదకుని బాధ్యత తీరదు. ఆ పదం సూచించే క్రియను పరిశీలించిన తరువాతనే తెలుగు మాటను నిర్ణయించాలి.