వికారానికి నీళ్లే మందా?

అన్నవరంలో రత్నగిరి ఎక్కడానికి సుమారు 460 మెట్లున్నవి. వ్రతం ముగిసేవరకు ఏమీ తినరాదన్న నియమంతో, వేసవి ఎండలో ఆ మెట్లెక్కుతున్న మనిషికి సగం దారిలో కళ్లు తిరిగి, కడుపులో తిప్పి, డోకు వచ్చినట్లయిందనుకోండి. చుట్టూ చేరినవారు వెంటనే సలహాలు చెబుతారు. "నీళ్లు గటగటా తాగించండి" అని ఒకరు, "వద్దు, ఉన్నదంతా కక్కేస్తాడు" అని మరొకరు, "కొట్లో తియ్యని సీసా ఒకటి కొనివ్వండి" అని ఇంకొకరు. ఈ మూడింటినీ శాస్త్రదృష్టితో పరిశీలించవలసిన అవసరమున్నది.

ఒంట్లో నీరు తగ్గితే వికారం పుడుతుందన్న మాట అబద్ధం కాదు. చెమట రూపంలో నీరు, ఉప్పు పోయినకొద్దీ రక్తపు పరిమాణం తగ్గుతుంది. ఉన్న రక్తాన్ని గుండె కండరాలకు, చర్మానికి ఎక్కువగా పంపుతుంది; జీర్ణాశయానికి, పేగులకు అందేది తక్కువవుతుంది. అప్పుడు కడుపులోనిది త్వరగా కిందికి దిగదు. ఆ సంగతి నాడుల ద్వారా మెదడుకు చేరి వికారంగా పరిణమిస్తుంది. శరీరపు బరువులో సుమారు 3 శాతం నీరు కోల్పోయి వ్యాయామం చేసినవారిలో జీర్ణాశయం నెమ్మదించడం, వికారం హెచ్చడం ప్రయోగాలలో కనిపించినవి.

మొదటి సలహాలోని లోపం ఇక్కడే ఉన్నది. ఖాళీ కాని కడుపులో చెంబెడు నీళ్లు ఒక్కసారి పోస్తే అవి వాంతిగా బయటికి వస్తవి. దానితో మరికొంత నీరు, లవణాలు పోయి వికారం ఇంకా పెరుగుతుంది. కారణమే ఫలితం, ఫలితమే కారణం అయి చక్రంలా తిరుగుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. వికారం కలగగానే మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. దాని ప్రభావం వల్ల మూత్రపిండాలు నీటిని బయటికి పోనివ్వవు. ఆ స్థితిలో ఉప్పు లేని నీరు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. సోడియం తగ్గినప్పటి తొలి లక్షణాలలో వికారం ఒకటి! 2002లో బోస్టన్ మారథాన్ పరుగులో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువగా ఉన్నది. వారిలో పరుగు మధ్య బరువు పెరిగేటంతగా తాగినవారు ఎక్కువ. కనుక నీరు తక్కువైనా వికారమే, మితిమీరినా వికారమే. ఘాట్ రోడ్డు మలుపులలో బస్సు ప్రయాణం, పార్శ్వపునొప్పి, వేవిళ్లు, చెడిన ఆహారం కూడా దానికి కారణాలే. ప్రతి వికారాన్నీ నీటికొరత ఖాతాలో వెయ్యరాదు.

రెండవ సలహా మరింత హానికరం. వాంతులు, విరేచనాలు అవుతున్న పసిబిడ్డకు నీళ్లు మానిపించడం ప్రాణంమీదికి తెస్తుంది. 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని నోటి ద్వారానే ఇప్పించి వేలమందిని కాపాడారు. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోనికి పోతవి. వాటి వెంట నీరు పోతుంది. ఆ ద్రావణపు కిటుకంతా ఇదే.

అయితే పాళ్లు తప్పితే కిటుకు పనిచెయ్యదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు మాత్రమే. చక్కెర మించితే అది పేగులోనికి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఇంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకొని మందుల దుకాణాలలోనే అమ్ముడుపోయినవి. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడుకకు లోగడ ఇచ్చిన అనుమతులను రద్దు చేసింది. మూడవ సలహాకు ఇదే సమాధానం. కొనవలసింది సీసా పైనున్న బొమ్మను చూసి కాదు, పాళ్లను చదివి.

మరి మెట్లమీద కూలబడిన మనిషికి ఏమి చెయ్యాలి? నీడకు చేర్చాలి, ఒళ్లు తడిపి విసరాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, సరైన ఓ.ఆర్.ఎస్. చెంచాలతో రెండు మూడు నిమిషాలకొకసారి పట్టాలి. అది దొరకనప్పుడు లీటరు మంచినీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చదును చెంచా ఉప్పు కలిపినా చాలును. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, స్పృహ తప్పితే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయరాదు. ఒంటిని చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు బలి అయినారని మరువరాదు.

నీళ్లు తాగమనడం మంచి సలహాయే. ఎంత, ఎట్లా, వేటితో కలిపి అన్నది కూడా చెప్పినప్పుడే అది పూర్తి అవుతుంది.