గోడ పెచ్చు ఊడిన చోట

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే బస్సు సూర్యాపేట దాటాక, కోదాడ ఇంకా రాకముందు, మునగాల వస్తుంది. రోడ్డున పోయేవాళ్ళకు అదొక మండల కేంద్రం. పాతకాలపు వాళ్ళ నోట మాత్రం ‘పరగణా’. చుట్టూ నిజాం ఏలుబడి ఉంటే, నడుమ ఈ జమీ కృష్ణా జిల్లాలో భాగంగా ఇంగ్లీషువాళ్ళ కింద ఉండేది. 1959లో నల్లగొండలో కలిపారు, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. పరగణా ఏలిన రాజా నాయని వెంకటరంగారావు కోట, పక్కనే ఉన్న నడిగూడెంలో ఉంది.

కోట అనగానే మన కళ్ళు ఫిరంగుల కోసం వెతుకుతాయి. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్లు ఊరి పక్కన మట్టిదిబ్బ పోసి, పైన కర్రలతో దడి కట్టేవారు; తర్వాత దాని స్థానంలో రాతి బురుజు లేచేది. గెలిచిన ఊరు చెయ్యి జారకుండా చూడటమే దాని పని. మన వైపు జమీందారు ఉండే గడి యుద్ధానికి కట్టింది కాదు. ఇల్లు, కచేరీ, ధాన్యపు కొట్టు అన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. అయినా ఊరి మీద ఓ కన్నేసి ఉంచడంలో గడి నార్మన్ కోటకేం తీసిపోదు.

ఇలాంటి కట్టడాన్ని చూడబోతే ముందు దర్వాజా కాదు, గోడ పెచ్చు ఊడిన చోటు చూడాలి. అక్కడ బయటపడేది డంగు సున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి విరిచి, రోజుల తరబడి నాననిచ్చేవారు. తర్వాత ఇసుక కలిపి గానుగలో వేసేవారు. గానుగంటే గుండ్రంగా కట్టిన కాలువ, అందులో తిరిగే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దులు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానిన నీళ్ళు పోస్తూ, వెన్నలా జారేదాకా నూరేవారు. ఎంత నూరితే అంత పట్టు.

సున్నం గట్టిపడే తీరు మరీ ముచ్చటైనది. కాల్చినప్పుడు రాయి పోగొట్టుకున్న కార్బన్ డయాక్సైడును, గోడెక్కాక గాలిలోంచి నెమ్మదిగా మళ్ళీ పీల్చుకుంటుంది. తిరిగి రాయవుతుంది. అందుకు ఏళ్ళు పడుతుంది. లోపలి చెమ్మ ఆవిరై బయటికి పోవడానికీ అది దారి ఇస్తుంది.

నడిగూడెం కథా ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. పై పొర అందరికీ తెలిసిందే. ఈ సంస్థానపు దివాను కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన, రాజావారు, రావిచెట్టు రంగారావు తదితరులు కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వచ్చింది. పింగళి వెంకయ్య ఇక్కడే ఉండి పత్తి సాగు మీద ప్రయోగాలు చేశారు. జాతీయ జెండా ఆలోచన ఈ కోటలోనే రూపుకట్టిందని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

పెచ్చు ఊడితే లోపల మరో పొర. గ్రంథమండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వాన్ని తొలగించినవాడి జీవితాన్ని తెలుగువాళ్ళకు అందించిన మండలికి అండగా నిలిచింది ఒక జమీందారీ. ఆ జమీందారీ రైతులే 1930లలో వెట్టికీ, శిస్తులకూ ఎదురుతిరిగారు. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయలేం. రాయీ సున్నమూ కలిస్తేనే గోడ.

పాత గోడ కనపడగానే మనం చేసే తప్పు, సిమెంటు పూయడం. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు నేలంతా సున్నపురాయే. అక్కడి ఫ్యాక్టరీల పుణ్యమా అని సిమెంటుకు కొదవ లేదు. కానీ సిమెంటు పూత చెమ్మను లోపలే బంధిస్తుంది. బయట నున్నగా కనిపిస్తుండగానే లోపల పాత సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. సున్నం గోడకు సున్నమే మందు.

ఆ మందు వేసేటప్పుడు కూడా ఒక్క చోట మాత్రం పెచ్చు ఊడినట్టే ఉంచాలి. బడిపిల్లలు వచ్చినప్పుడు వేలు పెట్టి చూసుకోవడానికి.