చింతపండు తగిలితే

నాణేల పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టింది. అప్పట్లో ఓ నిజాం కాలపు రాగి పైసాను చింతపండుతో రుద్ది తళతళలాడించాను. పాత నాణేన్ని కాపాడే చిలుంపొర దాంతోనే పోయింది. అక్షరాలూ అరిగాయి. ఇప్పుడైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వెదురుపుల్లతో మట్టిని మెల్లగా గీకుతాను. ఒక్కో నాణేనికి నెల పట్టినా తొందర లేదు.

మొన్న తమ్ముడి కొడుకు జర్మనీ నుంచి వస్తూ, రశీదుతో సహా, ఓ రోమన్ రాగి నాణెం తెచ్చాడు. పేరు 'ఆస్'. ఒకవైపు రోమన్ సేనాని అగ్రిప్ప తల, రెండోవైపు చేతిలో త్రిశూలంతో సముద్ర దేవుడు నెప్ట్యూన్. అటూ ఇటూ రెండు పెద్ద అక్షరాలు, సెనేట్ ఆజ్ఞకు గుర్తు. అగ్రిప్ప పేరిట కొట్టించింది మనవడు, చక్రవర్తి కాలిగులా (పాలన క్రీ.శ. 37–41). అమ్మ చూసి, "ఇంత మురికేందిరా" అంటూ చింతపండు డబ్బా అందుకుంది. చెయ్యి పట్టుకున్నాను.

రోమన్ నాణేలు మనకు కొత్త కాదు. మన పెద్దపల్లి పక్కన పెద్దబంకూరు తవ్వకాల్లో చక్రవర్తి అగస్టస్ నాణేలు దొరికాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒకేచోట 1,531 రోమన్ నాణేలు బయటపడ్డాయి. అన్నీ వెండివే. చక్రవర్తి నీరో క్రీ.శ. 64లో నాణేల్లో వెండి పాలు తగ్గించాడు. మనవాళ్లు తెలివిగలవాళ్లు, అంతకుముందటి అగస్టస్, టైబీరియస్ ముద్రలకే మొగ్గారు. ఏటా అయిదు కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియా లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లీనీ గోల పెట్టింది ఊరికేనా? ఈ రాగి మాత్రం ఇటు పెద్దగా రాలేదు. ఇక్కడి చిల్లరకు శాతవాహనుల సీసం, పోటిన్ అనే మిశ్రమ లోహపు ఏనుగు బొమ్మ నాణేలు ఉండేవి. కోటిలింగాల దగ్గర గోదారి ఒడ్డున అవి దొరికేవి. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లొచ్చాక ఆ ఒడ్డే మారిపోయింది.

అగస్టస్ కాలంలో సిపాయి దినకూలి పది ఆస్‌లు. అంటే నా అరచేతిలో ఉన్నది కూలి డబ్బు. కూలి అంటే నాకు మా బాపు గుర్తొస్తాడు. ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి మీద ల్యాంప్ రూంలో పనిచేసేవాడు. మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవాడు. షిఫ్టు అయిపోయాక పలక మీద బిళ్ళ మిగిలిందంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. బాపు అది తిరిగిచ్చేదాకా ఇంటికి కదిలేవాడు కాదు.

బాపు దాచుకున్న బిళ్ళ ఒకటి నా డబ్బాలో ఉంది. దాని మీద రాజూ లేడు, దేవుడూ లేడు, నంబరొక్కటే. అగ్రిప్పను దాని పక్కనే పెట్టాను. అమ్మ ఆ బిళ్ళకైతే చింతపండు పెట్టనన్నది.