లేని ఓడ బొమ్మ

ఈ వారం అట్లాంటా నుంచి ఒక పోస్టర్ నమూనా వచ్చింది. అక్కడి నల్లజాతి రైతులు కలిసి పెట్టుకుంటున్న సహకార సంఘానికి విరాళాలు అడిగే పోస్టర్ అది. నా దగ్గర పోస్టర్లు గీసే పని నేర్చుకుని అక్కడ స్థిరపడిన అమ్మాయి గీసింది. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులు, మధ్యలో బిగించిన పిడికిలి, వెనకాల పెద్ద గోదాము. చూడగానే చిరాకేసింది. చందా అడిగేచోట అరిగిపోయిన గుర్తులు వద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. రంగులు మార్చమని చెబుదామని ఫోన్ అందుకున్నాను.

అంతలో ఆ రంగుల పుట్టుక గుర్తొచ్చింది. 1920లో న్యూయార్క్‌లో నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ సంస్థ మహాసభ జరిపి, ఆ మూడింటినీ నల్లజాతి రంగులుగా ప్రకటించింది. అంతకు ముందు ఏడాదే గార్వీ బ్లాక్ స్టార్ లైన్ అనే ఓడల కంపెనీ పెట్టారు. వాటా 5 డాలర్లు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కూలీలు కూడబెట్టుకున్న డబ్బుతో కొన్నారు. కంపెనీ నిజంగానే ఓడలు కొంది, నడిపింది. కానీ ప్రచార పత్రంలో ఇంకా కొనని ఓడ బొమ్మ వేసి, దాని మీద కంపెనీ పేరు రాశారు. తపాలా ద్వారా మోసం చేశారన్న కేసులో ప్రాసిక్యూషన్ ఆ బొమ్మనే ఎత్తిచూపింది. 1923లో గార్వీకి అయిదేళ్ల శిక్ష పడింది. ప్రభుత్వం ఆయన్ని వెంటాడిన మాట నిజం. 2025 జనవరిలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఆయనకు మరణానంతర క్షమాభిక్ష కూడా ఇచ్చారు. అయినా, వెంటాడేవాళ్ల చేతికి ఆ బొమ్మను అందించింది మాత్రం మన వృత్తే. కంపెనీ మునిగింది, వాటాదారుల డబ్బు పోయింది. రంగులు మాత్రం నిలిచాయి. వందేళ్లుగా నల్లజాతి ప్రజలు వాటిని తమవనుకుంటున్నారు. వాళ్లు ఇష్టంగా పట్టుకున్న రంగుల్ని మార్చమనే హక్కు నాకు లేదు.

అందుకే ఫోన్‌లో రంగుల మాట ఎత్తకుండా, ఆ ఓడ బొమ్మ గుర్తొచ్చి గోదాము గురించి అడిగాను. ఇంకా కట్టలేదట. "అయితే తీసెయ్యమ్మా, రంగులు ఉండనీ" అన్నాను. మరి ఆ చోట ఏం పెట్టాలి? జవాబు ఆమె ఊళ్లోనే ఉంది. 1900 పారిస్ ప్రదర్శన కోసం అట్లాంటా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త డు బోయిస్, ఆయన విద్యార్థులు చేత్తో పటాలు గీశారు. జార్జియాలో నల్లవాళ్ల చేతిలో ఎన్ని ఎకరాలున్నాయో ఏడాదివారీగా చూపించారు. ఉన్న ఆస్తిని ఉన్నంతగా చూపిన ఆ పటాలు ఇవాళ్టికీ కళ్లు తిప్పుకోనివ్వవు.

చందా పోస్టర్లు గీసే మిత్రులారా, ఉన్నదే గీయండి. కట్టబోయేదానికి బొమ్మ వద్దు. ఎంత కావాలో, ఎంత వచ్చిందో అంకెల్లో రాయండి.