ర్యాష్‌గా అంటే ఎలా?

ఎచ్చెర్ల, రణస్థలం, భోగాపురం... 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడ ప్రమాదం జరిగినా మా డెస్కుకొచ్చే వార్తలో ఒక మాట తప్పదు. ‘లారీని డ్రైవర్ ర్యాష్‌గా నడపడంతో’. ఆ మాట కనపడితే విలేకరికి ఫోన్ చేస్తాను.

‘‘ర్యాష్‌గా అంటే ఏం చేశాడు తమ్ముడూ?’’

‘‘అందరూ అదే అంటన్నారు సార్.’’

‘‘నువ్వేం చూశావు?’’

అప్పుడు అసలు వార్త బయటికొస్తుంది. ఒకసారైతే లారీ అసలు నడవడమే లేదు. వెనక లైట్లు లేకుండా రోడ్డు వారన ఆగివుంటే, చీకట్లో బైకు వెళ్లి గుద్దుకుంది. తప్పు లారీవాడిదే కావచ్చు. కానీ ర్యాష్ ఎక్కడిది?

ఈ మాట మనకు పోలీస్ స్టేషన్ నుంచి వచ్చింది. ఐపీసీ 279 పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 281 వచ్చినా మాట మారలేదు. కోర్టులు మాత్రం దీన్ని ఊరికే ఒప్పుకోవు. కర్ణాటకలో లారీ బోల్తా పడిన కేసులో 1998లో సుప్రీంకోర్టు డ్రైవర్ని వదిలేసింది. ఎక్కువ వేగం అని సాక్షులు చెబితే చాలదు, ఎక్కువంటే ఎంతో చెప్పాలంది. జడ్జి అడిగిన ప్రశ్న సబ్ ఎడిటర్ అడగకూడదా?

ఇంగ్లిష్ ముక్క పడితే వాక్యానికి దర్జా వస్తుందన్న నమ్మకం మనకు గిరీశం నాటిది. ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ఆడింది విజయనగరంలోనే మరి! అలాగని ‘విచ్చలవిడిగా’ అని మార్చినా ఒరిగేదేం లేదు. అదీ తీర్పే.

అదుపు తప్పిన మనిషిని ఎలా రాయాలో మన మురపాక కారా మాస్టారు 1964లోనే ‘యజ్ఞం’లో చూపించారు. సీతారాముడు చివర్లో చేసే పని ఒళ్లు జలదరింపజేస్తుంది. దానికి ముందు ఊరి సంగతి, అప్పు సంగతి, పంచాయితీలో ఎవరి వాదన వారిది, ఓపిగ్గా పేజీలకు పేజీలు నడిపించారాయన. అంత చదివాక ఆ మనిషికి విశేషణం తగిలించాలని మనకే అనిపించదు.

మనకు అన్ని పేజీలు ఉండవు, నిజమే. ఆరు లైన్ల వార్త. అందుకే విలేకరి తమ్ముళ్లకు మనవి: వేగం తెలియకపోతే రాయకండి. బండి ఏ వైపు నుంచి వచ్చింది, ఆ మలుపులో వీధి దీపం వెలుగుతోందా, డివైడర్ ఎక్కడ తెగింది, అది రాయండి. ర్యాషో కాదో కోర్టు చూసుకుంటుంది.