పదహారింట ఒక్కటి

జీబ్రా ఫించ్ రంగుల గురించి మాట్లాడే ముందు మామూలు బూడిద రంగు మగపక్షిని దగ్గరగా, తీరిగ్గా చూడాలి. గుప్పిట్లో ఇమిడిపోయే పిట్ట. పగడపు ఎరుపు ముక్కు. కంటి కింద నుంచి జారిన నల్లటి కన్నీటి చార. చెంపన నారింజ మచ్చ. గొంతు నుంచి కిందికి వెంట్రుకంత సన్నటి నలుపు తెలుపు అడ్డగీతలు, ఆ గీతలకు హద్దు వేస్తూ రొమ్ము మీద ఒక నల్లటి పట్టీ. రెక్కల కింద రెండు పక్కలా ఇటుక రంగు, దాని మీద వరుసగా తెల్లటి చుక్కలు. ఆడదానికి చెంప మచ్చ, రొమ్ము పట్టీ, పక్కల చుక్కలు ఉండవు; ముక్కు కూడా నారింజ రంగులోనే ఆగిపోతుంది.

పెంపకందారులు మ్యుటేషన్ అని పిలిచే ప్రతి వింత రంగూ ఈ భాగాల్లో ఏదో ఒకటి మారడం వల్ల పుట్టిందే. ఫాన్ రకంలో నలుపు, బూడిద పోయి గోధుమ వన్నె వస్తుంది. పెంగ్విన్ రకంలో రొమ్ము గీతలు, పట్టీ మాయమై పొట్ట తెలుపు గొంతు దాకా పాకుతుంది. చెస్ట్‌నట్ ఫ్లాంక్డ్ వైట్ అనే రకంలో ఒళ్లంతా దాదాపు తెలుపే, కానీ మగదానికి చెంప మచ్చ, పక్కల ఇటుక రంగు, కన్నీటి చార చెక్కుచెదరవు. బ్లాక్ బ్రెస్టెడ్ రకంలో రొమ్ము పట్టీ వెడల్పై, చెంప మచ్చ వెనక్కి విస్తరించి, పక్కల మీది చుక్కలు గీతల్లా సాగుతాయి. ఆరెంజ్ బ్రెస్టెడ్ రకంలో నల్లటి పట్టీ ఉండాల్సిన చోట నారింజ నిండుతుంది.

వీటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ తయారు చేయలేదు. ఎక్కడో ఒకనాడు ఒక పిల్ల తేడాగా పుట్టింది, పెంచేవాడి కన్ను దాన్ని పట్టుకుంది. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. ఆ పనితనం నాకు అబ్బురంగా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో ముప్పాతిక వంతు కంటికి కనపడదు.

ఫాన్ రంగు సంగతే చూడండి. అది లింగ క్రోమోజోమ్‌తో వచ్చే లక్షణం. పక్షుల్లో మగదానికి ఆ క్రోమోజోములు రెండూ ఒకే రకం, ఆడదానికి ఆ రకం ఒకటే. ఫాన్ మగదాన్ని బూడిద ఆడదానితో జతకడితే పుట్టే ఆడపిల్లలన్నీ ఫాన్, మగపిల్లలన్నీ బూడిద. అయితే ఆ బూడిద మగపిల్లల్లో ప్రతి ఒక్కటీ తండ్రి రంగును లోపల దాచుకుని ఉంటుంది. పెంపకందారుల మాటలో అది స్ప్లిట్. జతను తిరగేసి ఫాన్ ఆడదానికి బూడిద మగదాన్ని ఇస్తే పిల్లలన్నీ చూడ్డానికి బూడిదే. మగవి మాత్రం స్ప్లిట్లు, ఆడవాటిలో దాగినదేమీ ఉండదు. చేయి తిరిగినవాడు గూట్లోని ఫాన్ పిల్లను చూసి, ఈకలు పూర్తిగా రాకముందే అది ఆడదో మగదో చెప్పేస్తాడు. తల్లిదండ్రుల జత ఏదో తెలిస్తే చాలు. 2010లో కోడి తర్వాత జన్యుక్రమం మొత్తం చదివిన రెండో పక్షి జీబ్రా ఫించే. అంతకు దశాబ్దాల ముందే ఈ లెక్కలన్నీ పెంపకందారులు పంజరాల దగ్గర కూర్చుని, పుట్టిన పిల్లలను లెక్కపెట్టి తేల్చుకున్నారు.

అన్నిటికంటే నాకు నచ్చిన పని, బ్లాక్ బ్రెస్టెడ్‌ను ఆరెంజ్ బ్రెస్టెడ్‌తో కలపడం. రెండూ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అందితేనే పైకి కనిపించే లక్షణాలు. మొదటి జతకు పుట్టిన పిల్లలన్నీ మామూలు బూడిద పిట్టలే. తెలియనివాడు చూస్తే రెండు అందమైన రకాలను కలిపి ఉన్న రంగులు కూడా పోగొట్టాడనుకుంటాడు. కానీ ఆ పిల్లల్లో రెండు రంగులూ దాగి ఉన్నాయి. అన్నాచెల్లెళ్లను కలపకుండా, ఇలాంటి పిల్లలనే రెండు వేరు వేరు కుటుంబాల నుంచి తెచ్చి జతకడితే సగటున పదహారు పిల్లల్లో తొమ్మిది బూడిద, మూడు బ్లాక్ బ్రెస్టెడ్, మూడు ఆరెంజ్ బ్రెస్టెడ్, ఒక్కటి మాత్రం రెండూ కలిసినది. ఒక ఈతకు నాలుగైదు గుడ్లు. పిల్లలన్నీ బతికినా ఆ ఒక్కదాని కోసం మూడు నాలుగు ఈతలు ఎదురుచూడాలి. అది ఆడదైతే రొమ్ము పట్టీ, చెంప మచ్చ లేవు కనుక ఆ అందం పూర్తిగా బయటపడదు. మగదే కావాలంటే ముప్పై రెండింట ఒకటి.

ఇక్కడే తొందరపడేవాడికీ పనివాడికీ తేడా తెలుస్తుంది. పనివాడు ఆ మూడు బ్లాక్ బ్రెస్టెడ్ పిల్లలను అమ్మేయడు. వాటిలో సగటున రెండు, ఆరెంజ్‌ను లోపల మోస్తున్నవే. అలాంటిదాన్ని రెండు రంగులూ దాచుకున్న బూడిద పిట్టతో కలిపితే పదహారింట ఒకటి కాస్తా ఎనిమిదింట ఒకటి అవుతుంది. ఏది మోస్తోందో పైకి తెలియదు. జతకట్టి, పిల్లలను చూసి తెలుసుకోవాల్సిందే. చివరికి ఆ మగపిట్ట కొమ్మ మీద కూర్చున్నప్పుడు చూడాలి. నలుపు ఉండాల్సిన రొమ్మంతా నారింజ, చెంప నుంచి వెనక్కి పాకిన నారింజ, పక్కల్లో సాగిన తెల్లటి చారలు. ఆ రొమ్ము మీద కనీసం రెండు తరాల లెక్క ఉంది.

ఆ లెక్క పోకుండా నిలిపేది ఒక చిన్న రింగు. పిల్ల పుట్టిన వారం దాటాక, పాదం ఇంకా మెత్తగా ఉండగానే వేయాలి. ముందువైపు మూడు వేళ్లను దగ్గరికి చేర్చి రింగును వాటి మీదుగా పాదం దాకా జరుపుతారు. వెనక వేలిని కాలికి ఆనించి పట్టుకుని రింగును ఇంకా పైకి తీసుకెళ్లి, ఆ వేలి కొసను పంటిపుల్లతో మెల్లగా బయటికి లాగుతారు. ఒకరోజు ముందైతే జారిపోతుంది, రెండు రోజులు ఆలస్యమైతే ఎక్కదు. రింగు మీద నంబరు, నోట్‌బుక్‌లో ఆ నంబరు ఎదురుగా తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఏమేం దాగి ఉండవచ్చో. నోట్‌బుక్ పోతే బూడిద పిట్టలన్నీ ఒక్కటే.

ఈ పిట్టల పుట్టిల్లయిన ఆస్ట్రేలియా తన పక్షుల ఎగుమతిని 1960లో ఆపేసింది. అడవి నుంచి కొత్త రక్తం వచ్చే దారి లేదు, ఉన్నవాటిలోనే సర్దుకోవాలి. రంగు మీద మోజుతో రంగు పిట్టనే రంగు పిట్టకు కట్టుకుంటూ పోతే రెండు మూడు తరాల్లో పిట్ట చిన్నదవుతుంది, ఈక పలచబడుతుంది, గుడ్లు పిల్లలు కాకుండా మిగులుతాయి. అందుకే మంచి పెంపకందారు తరానికోసారి వెనక్కి వచ్చి, బలమైన బూడిద పిట్టతో కలుపుతాడు. రంగు ఒక తరం కనపడకుండా పోయినా బాధపడడు. నా దృష్టిలో ఇదే ఈ విద్యకు గీటురాయి. ఎవరి దగ్గరైనా రంగు పిట్టలు చూస్తే ముందు వాళ్ల బూడిద పిట్టలు చూపించమనండి. అవి దృఢంగా ఉంటే మిగతావి నమ్మవచ్చు.

తల మీద కుచ్చు ఉన్న రకంలో ఇంకో జాగ్రత్త ఉంది. కుచ్చు పిట్టను కుచ్చు లేనిదానితోనే కలుపుతారు. రెండు వైపుల నుంచీ ఆ లక్షణం అందుకున్న పిల్ల బతకదన్నది పెంపకందారులు పాటించే నియమం. ఇక పోటీల సంగతి. బ్రిటన్‌లో జీబ్రా ఫించ్‌లను ఒంటరిగా కాక జంటగా నిలబెడతారు. మగదీ ఆడదీ ఒకే రకం, ఒకే వన్నె, ఒకే ఒడ్డూ పొడవూ ఉండాలి. చెంప మచ్చ లేని ఆడదానిలో కూడా పనితనం చూపించమని అడిగే పోటీ అది. నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

పిట్టకూ ఒక ఇష్టం ఉంటుంది. గూట్లో తనను పెంచిన తల్లిదండ్రుల రంగే పెద్దయ్యాక జత ఎంచుకునేటప్పుడు దానికి నచ్చుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాస్ ఇమ్మెల్మాన్ జీబ్రా ఫించ్‌ల మీదే పరిశీలించి చూపించాడు. తెల్లవాటి దగ్గర పెరిగిన మగది తెల్లదానివైపు మొగ్గుతుంది. కాబట్టి కాగితం మీద సరిపోయిన జత పంజరంలో కుదరకపోతే ఓపిక పట్టాలి.

హైదరాబాద్‌లో, విజయవాడలో, ఊరూరా మేడల మీద ఈ పిట్టలు చిన్న మట్టికుండల్లో, కొబ్బరిపీచు పరుచుకుని, కొర్రలు తిని పిల్లలను లేపుతున్నాయి. వాన పడితే చాలు గూడు కట్టే మైదానాల జాతి కావడం వల్ల కుండ కనపడితే ఆగకుండా గుడ్లు పెడుతూనే ఉంటాయి. రెండు మూడు ఈతల తర్వాత కుండ తీసేసి, ఆడా మగా విడదీసి విశ్రాంతి ఇవ్వడం పెంచేవాడి బాధ్యత. మన ఎండాకాలంలో అసలు జతకట్టకపోవడమే మేలు.

ఒక్క మాట. సంతల్లో ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసిన చిన్న పిట్టలు కనపడితే కొనకండి. వాటిలో చాలావరకు పట్టుకొచ్చిన మన దేశపు మునియా పిట్టలు. వాటిని పట్టడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఫించ్ పెంచాలని ఉంటే పిట్టల కాలికి రింగు, పక్కన నోట్‌బుక్ ఉన్న పెంపకందారు దగ్గరికి వెళ్లండి. మొదటి జత బూడిద రంగుదే తీసుకోండి.